చిన్న పోర్టును ఆధునికీకరించాలంటే ముందు ఏది: లోతా, క్రేన్లా, యార్డా, ప్రైవేటు ఆపరేటరా?

ఒక మోస్తరు పోర్టులో ఆధునికీకరణ మీద సమావేశం పెడితే దాదాపు ప్రతిసారీ నాలుగు ప్రతిపాదనలు బల్ల మీదకు వస్తాయి. ఓడలు పోర్టులోకి వచ్చే కాలువ లోతు పెంచితే పెద్ద ఓడలు వస్తాయని ఒకరంటారు. పాత క్రేన్లు మార్చనిదే ఏ పనీ ముందుకు సాగదని మరొకరు. గేటు దగ్గర లారీల క్యూ తగ్గించి, కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తే చాలని ఇంకొకరు. అసలు ఈ టెన్షన్ అంతా మనకెందుకు, టెర్మినల్‌ను ప్రైవేటు ఆపరేటర్‌కు అప్పగిద్దాం అనేవాళ్లూ ఉంటారు. నాలుగూ సబబైన మాటలే. కానీ నాలుగింటికీ సరిపడా డబ్బు ఉండదు. ఒకదాని మీద పెట్టేస్తే రెండోదానికి మళ్లీ పదేళ్లు ఆగాల్సి రావచ్చు.

రెండు నుంచి ఆరు బెర్తులు (ఓడ కట్టే చోట్లు) ఉండి, కొంత బల్క్ సరుకు (బొగ్గు, ధాన్యం లాంటి కుప్పల సరుకు), కొన్ని కంటైనర్లు, అప్పుడప్పుడు యంత్రాలు, కలప వంటివి దించుకునే పోర్టును దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మహా పోర్టుల లెక్కలు ఇలాంటి చోట పనికిరావు. వాటిని చూసి నకలు చేయబోయి దెబ్బతిన్న చిన్న పోర్టులు ఉన్నాయి కాబట్టే ఈ పోలిక అవసరం అనిపించింది.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

అన్నింటికన్నా ముందు చూడాల్సింది ఓడ సమయం ఎక్కడ పోతోందన్నది. ప్రతి ఓడకూ ఆరు సమయాలు రాసుకోవాలి: లంగరు వేసిన గంట, ఓడకు దారి చూపే పైలట్ ఎక్కిన గంట, బెర్త్‌కు తాళ్లు కట్టిన గంట, మొదటి సరుకు లేచిన గంట, చివరి సరుకు ముగిసిన గంట, తాళ్లు విప్పిన గంట. ఏడాది పాటు ఈ ఆరు అంకెలు నిజాయితీగా రాస్తే సగం వాదనలు వాటంతటవే తేలిపోతాయి. లంగరు దగ్గరే రోజులు గడుస్తుంటే బెర్తుల కొరతో, పోటు కోసం ఎదురుచూపో కారణం కావచ్చు. బెర్త్‌కు కట్టాక మొదటి సరుకు లేచేదాకా ఐదారు గంటలు పోతుంటే తప్పు కాగితాల్లోనో, షిఫ్టుల ఏర్పాటులోనో ఉంది. ఆ తప్పును ఏ క్రేనూ సరిచేయలేదు.

రెండోది బెర్త్ ఎంత శాతం నిండుగా ఉంటోందన్నది. ఇక్కడ చాలామంది పొరపడతారు. బెర్త్ సగం రోజులు ఖాళీగా కనిపిస్తే మనం వృథా చేస్తున్నామని అనుకుంటారు. ఓడలు బస్సుల్లా టైం ప్రకారం రావు. ఒకే వారంలో మూడు వస్తాయి, తర్వాతి వారం ఒక్కటీ రాదు. అందుకే పోర్టుల అభివృద్ధిపై ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ అంక్టాడ్ తెచ్చిన చేతిపుస్తకం ఒకే బెర్త్ ఉన్న చోట 40 శాతం, రెండుంటే 50, మూడుంటే 55, నాలుగుంటే 60 శాతం దాటకుండా చూసుకోమంటుంది. అది దాటితే ఓడల ఎదురుచూపు ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఒక్క బెర్త్ ఉన్న పోర్టు 70 శాతం నిండిందని సంబరపడుతుంటే, బయట ఓడ యజమాని డెమరేజ్ (ఆలస్యానికి వసూలు చేసే పరిహారం) లెక్కలు వేసుకుంటూ ఉంటాడు.

మూడోది సరుకు ఎవరిదన్నది. మీ పోర్టు వెనక ఉన్న ఫ్యాక్టరీలు, గనులు, పొలాల సరుకు అయితే అది తేలిగ్గా వేరేచోటికి పోదు. ఒక ఓడ నుంచి దించి ఇంకో ఓడకు ఎక్కించే ట్రాన్స్‌షిప్‌మెంట్ సరుకుకు అలాంటి బంధం ఏమీ లేదు. 2000లో కంటైనర్ ఓడల కంపెనీ మేర్స్క్ తన ట్రాన్స్‌షిప్‌మెంట్ పనిని సింగపూర్ నుంచి పొరుగునే ఉన్న మలేషియాలోని తంజుంగ్ పెలెపాస్‌కు మార్చుకుంది. రెండేళ్లకు మరో ఓడ కంపెనీ ఎవర్‌గ్రీన్ కూడా అదే దారి పట్టింది. సింగపూర్ అంతటి పోర్టు తట్టుకుని నిలబడింది. ఉన్న ఒక్క పెద్ద ఖాతాదారు అలా వెళ్లిపోతే చిన్న పోర్టుకు అప్పు మాత్రమే మిగులుతుంది.

నాలుగోది, నా దృష్టిలో అన్నింటికన్నా బరువైనది: తప్పు జరిగితే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోగలమా? టైర్ల క్రేన్‌ను అమ్ముకోవచ్చు. తవ్విన కాలువను అమ్ముకోలేం. ముప్ఫై ఏళ్ల ఒప్పందాన్ని మధ్యలో తెంచుకుంటే కోర్టుల చుట్టూ తిరగాలి.

| ఎంపిక | వెనక్కి తీసుకోగలమా | ఏటా తప్పని ఖర్చు | ఫలితం కనబడేందుకు పట్టే కాలం | ఎప్పుడు అర్థవంతం |
|---|---|---|---|---|
| కాలువ, బెర్త్ లోతు | లేదు | పూడిక తీత, ఏటేటా | ఏళ్లు | ఓడలు సగం నింపుకుని వస్తున్నప్పుడు |
| మొబైల్ హార్బర్ క్రేన్ | అవును, అమ్మవచ్చు | డీజిల్ లేదా కరెంటు, మరమ్మతు | ఏడాది నుంచి రెండేళ్లు | బెర్త్ దగ్గరే గంటలు పోతున్నప్పుడు |
| పట్టాల మీది గట్టు క్రేన్ | దాదాపు లేదు | మరమ్మతు, కరెంటు | రెండు, మూడేళ్లు | స్థిరమైన కంటైనర్ సర్వీసు ఉన్నప్పుడు |
| యార్డు, గేటు, సాఫ్ట్‌వేర్ | చాలావరకు అవును | లైసెన్సులు, శిక్షణ | నెలలు | సరుకు పోర్టులోనే పేరుకుపోతున్నప్పుడు |
| ప్రైవేటు ఆపరేటర్ | కష్టం | ఒప్పందం అమలు చేయించే సిబ్బంది | రెండు నుంచి ఐదేళ్లు | సరుకు ఉండి, పెట్టుబడి, నైపుణ్యం లేనప్పుడు |

## లోతు పెంచడం

దీని మీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే డబ్బు ఎక్కువగా మునిగేది ఇక్కడే. లోతుకు ఆకర్షణ ఉండటంలో తప్పులేదు. 56 వేల టన్నుల సుప్రామ్యాక్స్ బల్క్ ఓడ ఒక సెంటీమీటరు లోతుగా మునిగితే సుమారు 55 టన్నులకు పైగా అదనపు సరుకు మోస్తుంది. అంటే మీ కాలువ ఒక మీటరు ఎక్కువ లోతుంటే అదే ఓడ, అదే ప్రయాణంలో ఐదున్నర వేల టన్నులు ఎక్కువ తెస్తుంది. లోతు చాలక ఓడలు సగం ఖాళీగా వస్తున్నాయని మీ లెక్కల్లో కనబడితే, ఈ లాభం నిజమైనదే.

పెద్ద ఓడలు ఇప్పుడు రావడం లేదు, లోతు ఉంటే వస్తాయన్న ఆశ మాత్రం వేరే సంగతి. జర్మనీలోని విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో 2012 సెప్టెంబరులో యాదవెజర్ పోర్టు తెరిచారు. ఎంత పెద్ద ఓడకైనా సరిపోయే 18 మీటర్ల నీరు, ఏడాదికి 27 లక్షల టీఈయూల సామర్థ్యం అక్కడున్నాయి. టీఈయూ అంటే 20 అడుగుల కంటైనర్ లెక్క. తర్వాతి ఏడాది మొత్తం మీద అక్కడ కదిలింది దాదాపు 76 వేల టీఈయూలే. నీళ్లకు లోటు లేదు, కానీ ఓడ కంపెనీల ఒప్పందాలూ ఖాతాదారుల అలవాట్లూ అప్పటికే వేరే పోర్టులతో ముడిపడి ఉన్నాయి.

తవ్వాక అసలు ఖర్చు మొదలవుతుంది. లోతు పెంచిన కాలువలో నీటి వేగం తగ్గుతుంది, తగ్గిన చోట ఒండ్రు దిగుతుంది. హాంబర్గ్‌కు వెళ్లే ఎల్బే నదీ కాలువను ఏళ్ల తరబడి కోర్టు వివాదాల తర్వాత లోతు చేశారు. 2022 జనవరిలో పూర్తి లోతు ఓడలకు అందింది. అదే ఏడాది చివరికల్లా పూడిక వల్ల అనుమతించిన డ్రాఫ్ట్‌ను (ఓడ నీటిలో మునిగే లోతును) దాదాపు ఒక మీటరు మేర తగ్గించాల్సి వచ్చింది. హాంబర్గ్ లాంటి ధనిక పోర్టుకే ఇలా జరిగింది. నదీముఖంలో ఉన్న చిన్న పోర్టు అయితే తవ్వకం ఖర్చుతో పాటు వచ్చే ఇరవై ఏళ్ల పూడిక తీత ఖర్చును కూడా మొదటిరోజే కాగితం మీద రాసుకోవాలి. అది రాయని ప్రాజెక్టు నివేదికను నేనైతే నమ్మను.

ఇసుక తీరాల్లో ఇంకో చిక్కుంది. కెరటాలు ఇసుకను తీరం వెంబడి ఒక దిశలో మోసుకుపోతుంటాయి. దానికి అడ్డంగా బ్రేక్‌వాటర్ (కెరటాలను ఆపే గోడ) కడితే ఒకవైపు ఇసుక మేట వేస్తుంది, రెండోవైపు ఒడ్డు కోసుకుపోతుంది. 1870ల్లో మొదలైన మద్రాసు హార్బర్ నిర్మాణం దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ. దక్షిణాన మెరీనా బీచి వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు ఊళ్లు సముద్రానికి భూమి కోల్పోయాయి. పోర్టు కంచె బయట ఉండే మత్స్యకారుల ఇళ్లు కూడా ఈ లెక్కలో భాగమే.

పాత గట్టు గోడ సంగతీ మరవద్దు. బెర్త్ ముందు రెండు మీటర్లు తవ్వితే ఆ గోడ పాదానికి ఆసరాగా ఉన్న మట్టి పోతుంది. షీట్ పైల్ గోడ (నేలలోకి దిగ్గొట్టిన ఉక్కు పలకల గోడ) అయితే ముందుకు జరిగే ప్రమాదం ఉంది. తవ్వకం ధర అడిగే ముందు గోడ డ్రాయింగులు వెతకండి. అవి దొరక్కపోతే గోడను పరీక్ష చేయించండి.

కాలువంతా తవ్వకుండా లోతు సంపాదించే మార్గాలు రెండున్నాయి. పోటు ఎక్కువగా ఉండే చోట కాలువ అంతా తవ్వకుండా, ఓడ నిలిచే బెర్త్ ముందు మాత్రం గుంట తవ్వుతారు. ఓడ పోటు మీద లోపలికి వచ్చి, ఆటు సమయంలో ఆ గుంటలో తేలుతూ పని చేయించుకుని, మళ్లీ పోటు మీద వెళ్తుంది. రెండోది, ఓడ అడుగుకూ నేలకూ మధ్య వదిలే జాగాను ఏడాది పొడవునా ఒకే అంకెగా పెట్టుకోకుండా, ఆ పూట అలలు, పోటు, ఓడ వేగం బట్టి లెక్కించడం. ఆస్ట్రేలియాలోని హే పాయింట్ బొగ్గు పోర్టులో 1993 నుంచి ఇలాంటి వ్యవస్థ వాడుతున్నారు. లోతు సర్వే, పోటు కొలిచే గేజీ, అలల బోయ్, సాఫ్ట్‌వేర్ కలిపినా డ్రెడ్జర్‌ను (నీటి అడుగు తవ్వే ఓడను) పిలిపించే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. డ్రెడ్జింగ్ టెండరు పిలవబోయే ఏ పోర్టైనా ముందు ఈ రెండూ ప్రయత్నించి చూడాలని గట్టిగా చెబుతాను.

## క్రేన్లు

ఇక్కడ పోటీ ప్రధానంగా రెండింటి మధ్య: టైర్ల మీద తిరిగే మొబైల్ హార్బర్ క్రేన్, గట్టు మీద పట్టాల వెంట నడిచే పెద్ద కంటైనర్ క్రేన్.

| చూడాల్సింది | మొబైల్ హార్బర్ క్రేన్ | పట్టాల గట్టు క్రేన్ |
|---|---|---|
| గంటకు కంటైనర్లు, సాధారణంగా | 15–25 | 25–35 |
| గట్టుకు కావాల్సింది | బరువు పరిచే ప్యాడ్లకు తగిన గట్టి నేల | పట్టాలు, వాటి కింద ప్రత్యేక పునాది దూలాలు |
| బల్క్, యంత్రాలు, కలప | గ్రాబ్ (బల్క్ సరుకును పట్టి ఎత్తే దవడ), కొక్కెం మార్చి ఎత్తవచ్చు | కంటైనర్లకే |
| పని లేకపోతే | వేరే బెర్త్‌కు నడిపించవచ్చు, అమ్మవచ్చు | అక్కడే నిలబడుతుంది |

ఉదాహరణకు ఒక ఫీడర్ ఓడలో (పెద్ద పోర్టుకూ చిన్న పోర్టుకూ మధ్య కంటైనర్లు తిప్పే చిన్న ఓడ) 400 కంటైనర్ల పని ఉందనుకుందాం. గంటకు 20 ఎత్తే మొబైల్ క్రేన్‌కు 20 గంటలు పడుతుంది. 30 ఎత్తే గట్టు క్రేన్‌కు 13 గంటల పైచిలుకు. వారానికి ఒకటి, రెండు ఓడలొచ్చే చోట ఈ ఏడు గంటల కోసం గట్టంతా తవ్వి పట్టాలు వేయడం నాకు సరైనదిగా తోచదు. అదే డబ్బుతో రెండో మొబైల్ క్రేన్ కొంటే, ఒకటి చెడిపోయినా పోర్టు ఆగదు. ఒక్క క్రేన్ మీద ఆధారపడిన పోర్టుకు ఓడ కంపెనీలు కచ్చితమైన షెడ్యూల్ ఇవ్వడానికి జంకుతాయి.

వారంలో నాలుగైదు ఓడలు, ఏళ్ల తరబడి సాగుతున్న సర్వీసు, కొత్తగా కడుతున్న గట్టు ఉంటే అప్పుడు పట్టాల క్రేన్ వైపు మొగ్గవచ్చు. క్రేన్లు ఇప్పుడే కొనకపోయినా కొత్త గట్టు కట్టేటప్పుడే పట్టాల దూలాలు వేసి ఉంచడం తెలివైన పని.

ఇంకొక మాట. కంపెనీ బ్రోచర్‌లో రాసిన వేగం క్రేన్‌ది, మీ పోర్టుది కాదు. క్రేన్ కింద లారీ సిద్ధంగా లేకపోతే గంటకు 25 ఎత్తగలిగేది 12 దగ్గరే ఆగుతుంది. అందుకే క్రేన్ ధర అడిగినప్పుడే, దానికి ఎన్ని లారీలు, ఎందరు డ్రైవర్లు కావాలో కూడా అడగాలి. ఆపరేటర్ల శిక్షణ డబ్బును కొనుగోలు బడ్జెట్‌లోనే కలపాలి. పాత గ్యాంగుల్లో ఏళ్లుగా సరుకు మోసినవాళ్లలో క్రేన్ నేర్చుకోగలిగిన వాళ్లు కచ్చితంగా ఉంటారు. వాళ్లను పక్కన పెట్టి బయటి నుంచి మనుషుల్ని తెచ్చుకుంటే వచ్చే మనస్తాపం ఏళ్ల తరబడి పోర్టును వెంటాడుతుంది.

## యార్డు, గేటు, కాగితాలు

రిబ్బన్ కటింగుకు పనికిరాని పని ఇది. అందుకే దీన్ని వెనక్కి నెడతారు. నా అభిప్రాయంలో ఎక్కువ చిన్న పోర్టులు మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

యార్డులో కంటైనర్లను ఎత్తిపెట్టేందుకు రీచ్ స్టాకర్ మొదటి అడుగు. ముందు వరుసలో 45 టన్నుల దాకా ఎత్తుతుంది, ఐదు అంతస్తులు పేర్చగలదు, ఒక్క ఆపరేటర్ చాలు. తిరగడానికి వెడల్పాటి దారులు కావాలి కాబట్టి స్థలం మింగేస్తుంది. భూమి కొరత వచ్చినప్పుడు టైర్ల గ్యాంట్రీ క్రేన్‌కు మారాలి. అది ఆరు వరుసల కంటైనర్ల మీదుగా నిలబడి, అదే నేలలో రీచ్ స్టాకర్ కంటే దాదాపు రెట్టింపు పేర్చుతుంది. అయితే అది నడిచే బాట కింద నేల గట్టిగా ఉండాలి. భూమి ఉన్నంతకాలం రీచ్ స్టాకర్లతో నెట్టుకురావడమే మంచిది.

గేటు దగ్గర లారీలకు ముందస్తు సమయం ఇచ్చే పద్ధతి పెడితే, ఉదయం పది గంటలకు ఒకేసారి రెండు వందల లారీలు వచ్చే స్థితి తగ్గుతుంది. డ్రైవర్లకు ఎండలో పడిగాపులు తప్పుతాయి. తూకం యంత్రం గేటులోనే ఉంటే ఇంకా మేలు. 2016 జూలై 1 నుంచి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం తూకం తేల్చని ఎగుమతి కంటైనర్‌ను ఓడ ఎక్కించకూడదు. ఈ తూకం సేవ పోర్టుకు ఆదాయం కూడా.

కాగితాల విషయంలో ఎంపిక ఇక మీ చేతుల్లో లేదు. ఓడ రాకపోకల సమాచారమంతా ఒకే ఎలక్ట్రానిక్ కిటికీ (అన్ని శాఖలకూ కలిపి ఒకే ఆన్‌లైన్ వేదిక) ద్వారా తీసుకోవాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2024 జనవరి 1 నుంచి సభ్యదేశాలకు తప్పనిసరి చేసింది. ఎలాగూ చేయాల్సిందే కాబట్టి, ఆ సమాచారాన్నే బెర్త్ కేటాయింపుకు కూడా వాడుకోండి. బెర్త్ ఎప్పుడు ఖాళీ అవుతుందో ఓడకు రెండు రోజుల ముందే కచ్చితంగా చెబితే, అది నెమ్మదిగా, ఇంధనం ఆదా చేసుకుంటూ వస్తుంది. బయట లంగరు వేసి కూర్చోవాల్సిన పని ఉండదు. దీనికయ్యే ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. మాట నిలబెట్టుకునే క్రమశిక్షణ మాత్రం కావాలి.

ఒక జాగ్రత్త. 2017 జూన్ చివర్లో నాట్‌పెట్యా వైరస్ మేర్స్క్ కంప్యూటర్లను పడగొట్టినప్పుడు ఖండాలు వేరైనా ఆ సంస్థ టెర్మినళ్లు ఒకేసారి స్తంభించాయి. వ్యవస్థ పడిపోయిన రోజు కాగితం, పెన్నుతో గేటు ఎలా నడపాలో సిబ్బందికి తెలిసి ఉండాలి. ఏడాదికోసారి అలా నడిపి చూడాలి కూడా.

మనుషులు లేని పూర్తి ఆటోమేషన్ గురించి ఎవరైనా అడిగితే, చిన్న పోర్టుకు వద్దనే చెబుతాను. రోటర్‌డ్యామ్‌లో 1993లోనే ఆటోమేటెడ్ టెర్మినల్ మొదలైంది. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత 2021లో అంతర్జాతీయ రవాణా వేదిక ఈ విషయాన్ని పరిశీలించి, ఆటోమేటెడ్ పోర్టులు మామూలు పోర్టుల కన్నా సాధారణంగా ఎక్కువ ఉత్పాదకత చూపడం లేదని తేల్చింది.

## ప్రైవేటు ఆపరేటర్‌కు ఇవ్వడం

పోర్టును నడిపే పద్ధతులు స్థూలంగా నాలుగు. అన్నీ ప్రభుత్వ సంస్థే చేయడం ఒకటి. క్రేన్లు పోర్టువి, మనుషులు ప్రైవేటు స్టీవెడోర్లవి (ఓడ సరుకు ఎక్కించి, దించే కంపెనీలవి) కావడం రెండోది. భూమి, కాలువ, గట్టు పోర్టు దగ్గర ఉంచుకుని టెర్మినల్‌ను లీజుకిచ్చే ల్యాండ్‌లార్డ్ పద్ధతి మూడోది. అంతా ప్రైవేటుకే ఇచ్చేయడం నాలుగోది. రోటర్‌డ్యామ్, యాంట్‌వెర్ప్ మూడో పద్ధతిలో నడుస్తాయి. చిన్న పోర్టు ప్రైవేటు వైపు వెళ్లాలనుకుంటే నేను సూచించేది కూడా అదే. రెండో పద్ధతిలో పని ఆలస్యమైతే క్రేన్ చెడిందని స్టీవెడోరూ, మనుషులు రాలేదని పోర్టూ ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం మామూలే.

మంచి ఫలితం వచ్చిన చోట్లు ఉన్నాయి. గ్రీస్‌లోని పైరియస్‌లో చైనా సంస్థ కాస్కో 2009లో కంటైనర్ టెర్మినల్ చేపట్టింది. 2019 నాటికి అక్కడి కంటైనర్లు ఏడాదికి 50 లక్షల టీఈయూలు దాటాయి. ఆ ఆపరేటర్‌కు సొంత ఓడలున్నాయి, వాటిని అటు మళ్లించింది. అందులో అధికభాగం ట్రాన్స్‌షిప్‌మెంటే. మీ దగ్గరకు వచ్చే ఆపరేటర్ చేతిలో అలాంటి ఓడలు ఉన్నాయా లేదా అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న.

చేదు అనుభవాలూ ఉన్నాయి. జిబూతీ 2006లో దొరాలే టెర్మినల్‌ను దుబాయ్ పోర్టుల సంస్థ డీపీ వరల్డ్‌కు 30 ఏళ్లకు ఇచ్చింది. 2018లో ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అంతర్జాతీయ మధ్యవర్తిత్వ వ్యాజ్యాలు నడిచాయి. ఒక తరం పాటు కట్టిపడేసే ఒప్పందంలో ఒక్క వాక్యం పొరపాటుగా పడినా దాన్ని మోసేది తర్వాతి తరం.

కాబట్టి ఒప్పందంలో నేను వెతికేవి ఇవి. కనీస సరుకు హామీ ఉందా, అది అందుకోకపోతే జరిమానా నిజంగా వసూలు చేయగలరా? ఇంత దూరంలోపు ఇంకో టెర్మినల్ కట్టకూడదన్న షరతు దొంగచాటుగా దూరిందా? ఛార్జీల పెంపును ఎవరు ఆమోదిస్తారు? పూడిక తీత ఎవరి బాధ్యత? ఇప్పుడున్న కార్మికుల జీతాలు, పింఛన్లు ఎవరు చూస్తారు? చివరి ఐదేళ్లలో క్రేన్ల మరమ్మతు ఆపేసి, తుప్పు పట్టినవాటిని అప్పగించి వెళ్లిపోకుండా తనిఖీ ఏర్పాటుందా? వీటిని అమలు చేయించేందుకు పోర్టు దగ్గర ఒక చిన్న, గట్టి బృందం మిగలాలి. అందరినీ ఇంటికి పంపేసి లీజు మాత్రం వసూలు చేద్దాం అనుకునే పోర్టుకు ఆ లీజు కూడా సరిగా రాదు.

## మీది ఏ రకం పోర్టు?

ధాన్యం, బొగ్గు, ఎరువులు వంటి బల్క్ సరుకే ప్రధానమై, ఓడలు లోతు చాలక సగం నిండి వస్తుంటే లోతు గురించి ఆలోచించండి. కానీ పోటు గుంట, అడుగు జాగా లెక్క ముందు, కాలువ తవ్వకం తర్వాత. మీ దగ్గరకు వచ్చేవి సొంత క్రేన్లున్న హ్యాండీసైజ్ (చిన్న బల్క్) ఓడలే అయితే గట్టు క్రేన్ల కన్నా మంచి గ్రాబులు, తొట్లు, దుమ్ము లేవకుండా కప్పిన కన్వేయర్లు ఎక్కువ ఉపయోగం.

ఫీడర్ కంటైనర్ ఓడలు క్రమంగా వస్తుంటే వరుస ఇలా ఉండాలి: గేటు, యార్డు, ఆ తర్వాత రెండు మొబైల్ క్రేన్లు. సరుకు స్థిరపడి, బెర్త్ నిండుదల పైన చెప్పిన హద్దులు తాకుతున్నప్పుడు ల్యాండ్‌లార్డ్ ఒప్పందానికి టెండరు పిలవవచ్చు. అప్పటికి మీ చేతిలో మూడేళ్ల నికార్సైన లెక్కలు ఉంటాయి. వాటిని చూపించి బేరమాడే పోర్టుకూ, ఖాళీ చేతులతో బతిమాలే పోర్టుకూ వచ్చే ధరల్లో చాలా తేడా ఉంటుంది.

ఇప్పటికింకా సరుకే సరిగా లేని పోర్టు అయితే నాలుగింటిలో ఏదీ వద్దు. ముందు వెనక ప్రాంతంలోని పది మంది పెద్ద ఎగుమతిదారుల దగ్గరకు వెళ్లి, మీ సరుకు ఎందుకు వేరే పోర్టుకు పోతోందని అడగండి. రైలు మార్గం లేదనో, కోల్డ్ స్టోరేజీకి ప్లగ్గులు చాలవనో, కస్టమ్స్ అధికారి వారానికి రెండు రోజులే ఉంటాడనో చెప్పవచ్చు. ఆ జవాబుల్లో ఒక్కటి కూడా డ్రెడ్జర్‌తో తీరేది కాకపోవచ్చు.

యూరప్ ప్రధాన పోర్టుల్లో కంటైనర్, ప్రయాణికుల ఓడలకు 2030 నాటికి గట్టు నుంచి కరెంటు ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. అలాంటిది అన్నిచోట్లా వెంటనే రాకపోవచ్చు. అయినా ఏ కారణంతో గట్టు తవ్వినా ఆ తవ్వకంలోనే ఖాళీ కేబుల్ గొట్టాలు వేసి మూసేయండి. ఆరు సమయాల రిజిస్టరు మాత్రం వచ్చే సోమవారం లంగరు వేసే మొదటి ఓడతోనే మొదలుపెట్టవచ్చు. దానికి టెండరు అక్కర్లేదు.